కోరినవారికి దక్కని తఖ్తు



మన సొసైటీ సావనీరుకు ఈ ఏడు చరిత్ర మీద ఒక వ్యాసం రాసివ్వమని కార్యవర్గం వారు కోరినారు. నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో ఉర్దూ మాటలు అక్కడక్కడ దొర్లుతాయి. మన ఇళ్ళల్లో మాట్లాడుకునే తీరు అదే కాబట్టి మీకు కొత్తగా ఉండదని నా నమ్మకం. బాద్షాల పేర్లు, లడాయిల తారీఖులు వరుసగా రాసుకుంటూ పోతే అది బడిపిల్లల గైడు పుస్తకం అవుతుంది. కనుక ఒక్క తఖ్తు కథే చెబుతాను. ఆ తఖ్తు కోసం ఎందరు ఎన్ని ఎత్తులు వేసినారో, చివరికి దాని మీద ఎవరు కూర్చున్నారో, ఆ కూర్చున్నవాడు దాన్ని పోగొట్టుకున్న రోజున ఎట్లా ఉన్నాడో చూద్దాం. ఇందులో మన ఇళ్ళకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది.

మన ఊరి మీదుగా పోయిన బాట

మన ఇందల్వాయిని ఇప్పుడు అందరూ హైవే మీది టోల్ గేటుతో గుర్తుపడుతున్నారు. ఒకప్పుడు గుర్తు వేరే ఉండేది. థెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు 1666-67 కాలంలో హిందుస్తాన్ తిరుగుతూ ఔరంగాబాదు వైపు నుంచి గోల్కొండ రాజ్యానికి వచ్చినాడు. ఇందూరు దాటిన తరువాత ఇందల్వాయి తగిలింది. ఈ ఊళ్ళో కత్తులు, బాకులు, బల్లేలు విరివిగా తయారవుతాయని, అవి హిందుస్తాన్ అంతటా అమ్ముడుపోతాయని, వాటి ఇనుము దగ్గరి గుట్టల్లోని గనుల నుంచే వస్తుందని అతడు రాసిపెట్టినాడు. అంటే ఆ రోజుల్లో దేశంలో ఎక్కడెక్కడి సిపాయిల నడుములకో మన ఊరి కత్తి వేలాడుతుండేదన్న మాట.

థెవెనో ఈ బాటన పోయినప్పుడు గోల్కొండ తఖ్తు మీద అబ్దుల్లా కుతుబ్ షా ఉన్నాడు. 1626లో గద్దె ఎక్కినవాడు, అప్పటికే నలభై ఏళ్ళ పాలన అయింది. ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు. మొగపిల్లలు లేరు. కొల్లూరు వజ్రాల గనులు, మచిలీపట్నం బందరు, కృష్ణా గోదావరి మాగాణి ఉన్న రాజ్యానికి వారసుడు లేడు. ఇంకేముంది, నలుదిక్కుల నుంచి కళ్ళు ఆ తఖ్తు మీదనే పడ్డాయి.

ఎత్తులు వేసినవారు

మొదటి కన్ను ఇంటివాడిదే. ఇరాన్ నుంచి వ్యాపారం మీద వచ్చి, సుల్తాను దయతో మీర్ జుమ్లా పదవి దాకా ఎదిగిన మహమ్మద్ సయీద్, కర్ణాటక సీమలో గండికోట మొదలైనవి గెలిచి, తానే ఒక రాజు అన్నట్టు నడుచుకోసాగినాడు. సుల్తానుకు, అతనికి చెడింది. 1655 చివర్లో సుల్తాను అతని కొడుకును ఖైదు చేయించినాడు. దక్కన్ సుబేదారుగా ఉన్న షాహజాదా ఔరంగజేబు చాలాకాలంగా ఇటువంటి సాకు కోసమే చూస్తున్నాడు. 1656 జనవరిలో ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తాన్ ఫౌజుతో హైదరాబాదు మీద పడ్డాడు. నగరం లూటీ అయింది. సుల్తాను గోల్కొండ ఖిల్లాలోకి పోయి తలుపులు మూసుకున్నాడు.

అప్పుడు సుల్తాను తల్లి హయాత్ బక్షీ బేగం, ముసలితనంలో, స్వయంగా మొగల్ ఛావనీకి పోయి రాయబారం చేసింది. ఢిల్లీ నుంచి షాజహాన్ కూడా ముట్టడి చాలించమని హుకుం పంపినాడు. చివరికి సంధి కుదిరింది. కోటి రూపాయలు కట్టాలి, సుల్తాను కూతురిని మహమ్మద్ సుల్తానుకు ఇచ్చి నిఖా చెయ్యాలి. దాంతోపాటు లోలోపల ఇంకో షరతు కూడా ఉంది. అబ్దుల్లా తరువాత ఈ అల్లుడే గోల్కొండకు వారసుడు కావాలి. ఎంత పక్కా బందోబస్తు చూడండి! పిల్లనిచ్చినారు, కాగితం రాసుకున్నారు, ఇక తఖ్తు ఎక్కడికి పోతుంది?

మరి ఏమయింది? మూడేళ్ళు తిరగకుండానే అన్నదమ్ముల లడాయి వచ్చింది. 1659లో ఈ మహమ్మద్ సుల్తాన్ తండ్రిని విడిచి పెత్తండ్రి షుజా పక్షంలోకి దూకినాడు. అక్కడా నిలువలేదు, తిరిగి వచ్చినాడు. తండ్రి అతణ్ణి ఖైదులో వేయించినాడు. మిగిలిన బతుకులో చాలా భాగం చెరలోనే గడిచిపోయింది. 1676లో చనిపోయినాడు. గోల్కొండ తఖ్తు ముఖం మళ్ళీ చూడలేదు. అతని తోడు నిలిచిన మీర్ జుమ్లా అస్సాం లడాయి నుంచి తిరిగివస్తూ 1663లోనే కన్నుమూసినాడు.

రెండో కన్ను ఇంకో అల్లుడిది. సయ్యద్ నిజాముద్దీన్ అహ్మద్ అనే ఆయన అరబ్బు దేశం నుంచి వచ్చిన పండితుడు, గొప్ప ఖాందాన్ వాడు. సుల్తాను మరో కూతురిని ఆయనకిచ్చి చేసినారు. మహమ్మద్ సుల్తాన్ మొగల్ చెరలో ఉన్నాడు కాబట్టి ఇక తఖ్తు తనదే అనుకున్నాడు. మూడో అల్లుడు రాకపోతే ఇంకా మంచిది, వచ్చినా తన మాట వినేవాడు రావాలి. మూడో పిల్లకు సయ్యద్ సుల్తాన్ అనే అతనితో సంబంధం ఖాయమైంది. మెహందీ, దావత్, బారాత్ అన్నీ సిద్ధం. ఈ ఇద్దరు సయ్యదులకు మొదటినుంచి పడదు. సరిగ్గా పెళ్ళి సమయానికి నిజాముద్దీన్ అహ్మద్ అడ్డం తిరిగినాడు. ఈ నిఖా జరిగితే నేను మీ రాజ్యం విడిచిపోతానని కసమ్ తిన్నాడు. విడిచిపోవడమంటే ఔరంగజేబు దగ్గరికి పోవడమని అందరికీ తెలుసు. సుల్తాను బెదిరిపోయినాడు. దుల్హాను వద్దన్నారు. కానీ పెళ్ళి ఆగితే పరువు పోతుంది. రాత్రికి రాత్రి ఇంకో దుల్హా కావాలి.

ఖాన్కాలోని మనిషి

ఆ సమయంలో ఎవరికో ఒక పేరు గుర్తుకు వచ్చింది. కుతుబ్ షాహీ ఖాందానుకే దూరపు చుట్టం, అబుల్ హసన్. చిన్నప్పుడు దర్బారు చుట్టుపక్కల పెరిగినాడు, తరువాత ఎవరూ పట్టించుకోలేదు. హజ్రత్ షా రాజూ ఖత్తాల్ వారి ఖాన్కాలో ఫకీరులతో కలిసి ఉంటున్నాడు. గుల్బర్గా బందానవాజ్ గేసూదరాజ్ వారి వంశంలోని ఈ హజ్రత్ వారి దర్గా హైదరాబాదు పాతబస్తీలో, మిశ్రీగంజ్ వైపు, ఎత్తైన గుమ్మటంతో ఇప్పటికీ కనిపిస్తుంది. పీరుసాబ్ ఈ శిష్యుణ్ణి ముద్దుగా తానా షా అని పిలిచేవారట. మన తెలుగువాళ్ళ నోట అది తానీషా అయింది.

అబుల్ హసన్ కోసం ఖాన్కాకు మనుషులు పోయినారు. హమాముకు తీసుకుపోయి స్నానం చేయించి, ఇంకొకరి కోసం కుట్టిన దుల్హా బట్టలు తొడిగి, గుర్రం ఎక్కించి తెచ్చినారు. నిఖా అయిపోయింది. ఇదంతా ఖాఫీ ఖాన్ తన చరిత్ర గ్రంథంలో రాసినాడు. ఆ రోజే పీరుసాబ్ ఆయనకు దానిమ్మ పండు ఇచ్చినారని, ఆయన పధ్నాలుగు గింజలు తిన్నాడని, అందుకే పధ్నాలుగేళ్ళు రాజ్యం దక్కిందని జనం ఒక కథ చెప్పుకుంటారు. పధ్నాలుగేళ్ళు ఖాన్కాలో, పధ్నాలుగేళ్ళు గద్దె మీద, పధ్నాలుగేళ్ళు చెరలో అని కూడా అంటారు. జనం లెక్క తారీఖుల లెక్కకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అయినా ఆ మనిషి బతుకు మూడు వంతులుగా సాగిందన్న మాట మాత్రం నిజం.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. సయ్యద్ సుల్తానును తప్పించిన ఎత్తు ఎవరిది? నిజాముద్దీన్ అహ్మద్‌ది. ఆ ఎత్తు వెయ్యకపోతే అబుల్ హసన్ అల్లుడయ్యేవాడే కాదు. తనకు పోటీ వచ్చేవాణ్ణి తన చేతులారా ఖాన్కా నుంచి పిలిపించుకున్నట్టు అయింది. తానొకటి తలిస్తే దైవమొకటి తలచునని మన తెలుగు సామెత.

1672లో అబ్దుల్లా కుతుబ్ షా చనిపోయినాడు. నిజాముద్దీన్ అహ్మద్ తన మనుషులతో మహలును పట్టుకోవాలని చూసినాడు. కానీ కొలువులోని సర్దారులకు ఆయన అహంకారం అంటే గిట్టదు. సయ్యద్ ముజఫ్ఫర్, కార్వాన్‌లో తోలీ మసీదు కట్టించిన మూసా ఖాన్ మొదలైనవారు ఏకమై ఆయన్ని బంధించి అబుల్ హసన్‌ను గద్దె మీద కూర్చోబెట్టినారు. నిజాముద్దీన్ అహ్మద్ చెరలోనే పోయినాడు.

సయ్యద్ ముజఫ్ఫర్ సంగతి కూడా విన తగ్గదే. మెత్తని ఫకీరు కదా, పేరుకు బాద్షాగా కూర్చోబెట్టి పెత్తనం మనం చేద్దామని ఆయన అంచనా. రెండేళ్ళు గడవకముందే ఆయన దగ్గర లెక్కలు చూసిన మాదన్న, హనుమకొండ వైపు బ్రాహ్మణుడు, మిగతావారిని తన వైపు తిప్పుకుని, బాద్షా మాటతో ముజఫ్ఫర్‌ను పక్కకు తప్పించినాడు. మీర్ జుమ్లా పదవి మాదన్నకు వచ్చింది. ఆ అన్నదమ్ములు అక్కన్న మాదన్నల పేరు తెలియని తెలుగువాడు ఉండడు. వారి మేనల్లుడు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరలో ఉన్న కథ కూడా తానీషా కాలానిదే. కూచిపూడి భాగవతుల ఆట చూసి మెచ్చి ఆ ఊరిని వారికి ఇచ్చింది కూడా ఈ తానీషాయే అని చెబుతారు.

గోల్కొండ పోయిన రోజు

ఇంతవరకు విన్నవారు, అయితే సబర్ చేసినవాడికి తఖ్తు దొరికింది, కథ అయిపోయింది అనుకోవచ్చు. అక్కడ ఆపితే అది చరిత్ర కాదు, పిల్లలకు చెప్పే కహానీ అవుతుంది. అసలు సంగతి ఆ తరువాతనే ఉంది.

ఔరంగజేబు ఇప్పుడు ఆలంగీర్ బాద్షా. 1685లో మొగల్ ఫౌజు మళ్ళీ వచ్చింది. గోల్కొండ సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం మొగలుల వైపు తిరిగిపోయినాడు. హైదరాబాదు రెండోసారి లూటీ అయింది. మాదన్నను తీసేస్తే ఆలంగీర్ శాంతిస్తాడని కొందరు సర్దారులు, అంతఃపురంలోని కొందరు బేగములు కలిసి మంత్రాంగం చేసినారు. 1686 మార్చిలో అక్కన్న మాదన్నలను రాత్రివేళ వీధిలో చంపించి, మాదన్న తలను మొగల్ షాహజాదాకు పంపినారు. ఏమి లాభం? పద్దెనిమిది నెలలకు గోల్కొండే లేకుండా పోయింది. ఒక మనిషి నెత్తురుతో రాజ్యం నిలబెట్టుకుందామన్నవారికి ఆ నెత్తురే మిగిలింది.

1687 మొదట్లో ముట్టడి మొదలైంది. ఎనిమిది నెలలు సాగింది. వానలు, వరదలు, కరువు, రోగాలు. మొగలులు బురుజుల కింద పెట్టిన మందుపాతరలు ఎదురు తిరిగి వాళ్ళ మనుషులనే చంపినాయి. బాహుబలంతో కోట పడలేదు. చివరికి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే పఠాను సర్దారు లంచానికి లొంగి 1687 సెప్టెంబరు 21 రాత్రి ఖిల్లా తలుపు తీసినాడు.

ఆ రాత్రి ఇద్దరు మనుషులను చూడాలి. ఒకరు అబ్దుర్రజాఖ్ లారీ. ఈయనకు కూడా ఆలంగీర్ పెద్ద మన్సబు ఆశ చూపుతూ కాగితం పంపినాడు. ఆయన దాన్ని బురుజు మీద అందరికీ చూపించి చింపి పారేసినాడు. తలుపు తెరుచుకున్నదని తెలియగానే, పూర్తిగా తయారుకాకుండానే గుర్రమెక్కి, కొద్దిమందితో మొగల్ ఫౌజుకు అడ్డం పోయినాడు. ఒంటి మీద డెబ్బై గాయాలు లెక్కబెట్టినారట. మరునాడు ఒక చెట్టు కింద కొనప్రాణంతో దొరికితే ఆలంగీరే వైద్యులను పెట్టి బతికించినాడు.

రెండోవారు అబుల్ హసన్. కేకలు వినగానే అంతఃపురంలోకి పోయి ఆడవారిని ఓదార్చి, అందరి దగ్గర మాఫీ అడిగి, దర్బారు గదిలోకి వచ్చి మస్నదు మీద కూర్చున్నాడు. భోజనం వేళ అయింది. వడ్డించమన్నాడు. ఇంతలో రూహుల్లా ఖాన్ మొదలైన మొగల్ సర్దారులు లోపలికి వచ్చినారు. వాళ్ళకే సలాము చేసి, కూర్చోమని, మర్యాదగా మాట్లాడి, తన భోజనం తాను చేసినాడు. రాజ్యం పోయిన రోజున అన్నం ఎట్లా సయిస్తున్నదని వాళ్ళు ఆశ్చర్యపోయినారు. ఆయన చెప్పిన జవాబు సారాంశం ఇది: నన్ను ఫకీరుగా ఉంచింది ఆ మాలిక్, ఎవరూ అనుకోనప్పుడు బాద్షాను చేసింది ఆ మాలిక్, ఇప్పుడు తీసుకున్నదీ ఆ మాలికే. నా కొరకు రాసిన మెతుకులు నేను ఎందుకు విడిచిపెట్టాలి? ఆ తరువాత ఖిల్లా నుంచి ఛావనీకి పోయి, షాహజాదా ఆజంకు తన మెడలోని ముత్యాల హారం నజరానాగా ఇచ్చినాడు.

ఆయనను దౌలతాబాదు ఖిల్లాకు పంపినారు. అక్కడి చీనీ మహల్‌లో పన్నెండేళ్ళకు పైగా ఉండి, ఆ చెరలోనే పోయినాడు.

అబుల్ హసన్‌ను వలీ అని నేను చెప్పడం లేదు. రాజ్యభారం మంత్రుల మీద విడిచి సుఖాల్లో మునిగినాడని ఆయన మీద అభియోగం ఉంది. అందులో నిజం లేకపోలేదు. నేను చెప్పేది ఒక్కటే. తఖ్తు దొరికిన రాత్రి ఎట్లా ఉన్నాడో, తఖ్తు పోయిన రాత్రి కూడా అట్లనే ఉన్నాడు. ఎందుకంటే అది తన తెలివితో సంపాదించుకున్నది కాదని ఆయనకు ఎరుక. ఎత్తులు వేసి పొందినవానికి ఆ నెమ్మది ఉండదు. పొందిన రోజు నుంచే ఇంకొకడి ఎత్తు గురించి భయపడుతూ బతకాలి.

ఖుల్దాబాదులో

ఔరంగాబాదు నుంచి (2023 నుంచి దాని పేరు ఛత్రపతి శంభాజీనగర్) దౌలతాబాదు మీదుగా కొంచెం ముందుకు పోతే ఖుల్దాబాదు వస్తుంది. చిన్న ఊరు. చిష్తీ బుజుర్గుల దర్గాలతో నిండి ఉంటుంది. బందానవాజ్ వారి తండ్రిగారి దర్గా కూడా అక్కడే. ఆ దర్గా నీడలోనే అబుల్ హసన్‌ను దఫన్ చేసినారు. ఏ సిల్సిలా ఖాన్కాలో యవ్వనం గడిచిందో, ఆ సిల్సిలా పెద్దల పాదాల దగ్గరే చివరి నిద్ర. గోల్కొండలోని ఏడు గుమ్మటాల దగ్గర ఆయన తన కోసం కట్టించుకోబోయిన సమాధి సగంలో ఆగిపోయింది. అందులో అబ్దుల్లా కుతుబ్ షా అల్లుడే ఇంకొకరు పడుకుని ఉన్నారని చెబుతారు.

అదే ఖుల్దాబాదులో ఆలంగీర్ ఔరంగజేబు కూడా ఉన్నాడు. గోల్కొండ, బీజాపూరు రెండూ చేతికి వచ్చినా ఆయనకు దక్కన్ నుంచి తిరిగిపోయే నసీబు లేకపోయింది. పాతికేళ్ళు ఈ గడ్డ మీద లడాయిలు చేస్తూనే ఉండి, ఢిల్లీ, ఆగ్రా మళ్ళీ చూడకుండానే 1707లో అహ్మద్‌నగర్ దగ్గర కన్నుమూసినాడు. హజ్రత్ జైనుద్దీన్ దర్గా ఆవరణలో, గుమ్మటం లేకుండా, ఆకాశం కింద మట్టి సమాధి కావాలని ఆయనే కోరుకున్నాడు. చుట్టూ ఉన్న పాలరాతి జాలీ తరువాతి కాలంలో పెట్టినది. గెలిచినవాడు, ఓడినవాడు ఒకే చిన్న ఊళ్ళో, పిలిస్తే పలికేటంత దగ్గరలో పడుకున్నారు. వీళ్ళిద్దరిలో గోల్కొండ ఎవరిది అయింది? ఇద్దరిదీ కాలేదు.

మరి ఎవరిది అయింది? 1687 ముట్టడి మొదట్లో మొగల్ సర్దారు ఖిలిచ్ ఖాన్‌కు ఫిరంగి గుండు తగిలి చెయ్యి తెగిపోయింది, ఆ గాయంతో చనిపోయినాడు. హైదరాబాదు దగ్గర, హిమాయత్‌సాగర్ వైపు ఆయన సమాధి ఉంది. ముప్పై ఏడేళ్ళకు, 1724లో, ఆయన మనుమడు ఆసఫ్ జా ఈ దక్కన్‌కు ఏలిక అయినాడు. అది ఖిలిచ్ ఖాన్ గాని, ఆలంగీర్ గాని, అబుల్ హసన్ గాని కలలో కూడా అనుకోని సంగతి. ఆ ఆసఫ్ జా కూడా 1748లో చనిపోయి ఖుల్దాబాదులోనే ఉన్నాడు. ఆయన పక్కన కొడుకు నాసర్ జంగ్. ఈ కొడుకు తండ్రి బతికి ఉండగానే, 1741లో, గద్దె కోసం తండ్రి మీద తిరగబడ్డాడు. ఓడినాడు. తండ్రి క్షమించినాడు. అదే గద్దె 1748లో ఏ లడాయి లేకుండా తనంతట తానే నడిచి వచ్చింది. ఏడేళ్ళు ఓపిక పట్టలేక కన్నతండ్రి మీద కత్తి ఎత్తినవాడు, దొరికిన గద్దె మీద ఎన్నేళ్ళు కూర్చున్నాడు? రెండేళ్ళు. 1750లో తన వెంట వచ్చిన నవాబుల కుట్రకే బలి అయినాడు.

తద్బీర్ వేరు, సాజిష్ వేరు

ఇదంతా విని, అయితే ఏమీ చెయ్యకుండా కూర్చోవాలా పంతులుగారూ అని మా పిల్లలు అడుగుతారు. వద్దు. అది తవక్కుల్ కాదు, సోమరితనం. ఒంటెను కట్టేసి తరువాత అల్లాహ్ మీద భారం వెయ్యమన్న మన ప్రవక్త (స) వారి మాట అందరికీ తెలిసినదే. హయాత్ బక్షీ బేగం ముసలితనంలో శత్రువు ఛావనీకి పోయింది, అది తద్బీర్. లారీ డెబ్బై గాయాలు తిన్నాడు, అది తద్బీర్. ఎనిమిది నెలలు అబుల్ హసన్ ఖిల్లా తలుపులు తియ్యలేదు, అదీ తద్బీర్. పగటి వెలుగులో, పదిమంది ముందు చెప్పుకోగలిగిన ప్రయత్నం తద్బీర్. ఇంకొకరి హక్కు కొట్టి, చీకట్లో చేసేది సాజిష్. ఈ రెంటినీ వేరు చేసే గీత ఇదే.

మన నిజామాబాదు జిల్లా ఇళ్ళల్లో ఈ గీత ఎక్కడెక్కడ చెరిగిపోతున్నదో చూడండి. అమ్మ బీడీలు చుట్టి చుట్టి కూడబెట్టిన పైసలు, అక్క మెడలోని నగ, రెండూ ఏజెంటు చేతిలో పెట్టి, దొంగ కాగితాలతో అయినా సరే ఈ నెలలోనే దుబాయి పోవాలంటాడు పిల్లవాడు. ఆరు నెలలు ఆగి ఒక పని నేర్చుకుని, సరైన వీసా మీద పొమ్మంటే చేదుగా ఉంటుంది. తండ్రి పోయి నలభై రోజులు కాకముందే, చెల్లెలి వాటా రాకుండా ఏ కాగితం ఎట్లా మార్పించాలా అని అన్న తహసీలు ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాడు. పిల్లకు కుదరబోయే సంబంధాన్ని తమ ఇంటికి తిప్పుకోవడానికి ఇంకో ఇంటి ఆడపిల్ల మీద లేనిపోని మాట ఒకటి పుట్టిస్తారు. మనవంటి సొసైటీల ఎన్నికల్లో కూడా ఓటుకు ముందు రాత్రి జరిగే మంతనాలు మీకు తెలియనివి కావు. ఇవన్నీ గోల్కొండ మహల్లో జరిగినవే. తఖ్తు చిన్నది, అంతే తేడా.

హజ్రత్ యూసుఫ్ (అ) వారి అన్నలు ఏ ఎత్తు వేసి తమ్ముణ్ణి బావిలో దించినారో, ఆ ఎత్తే ఆయన్ని మిస్ర్ దాకా చేర్చింది. అదే అన్నలు కరువులో గింజల కోసం ఆయన ముందే నిలబడవలసి వచ్చింది. ఖురాన్‌లో ఆ సూరా చదివేటప్పుడు మనం అన్నలను తప్పుపడతాం. ఇంటికి వచ్చి అన్నల పనే చేస్తాం.

ఇంకొక మాట కూడా చెప్పాలి. సబర్ అనేది మనం చేసేది. ఎదుటివాడి నోరు మూయించడానికి వాడే మాట కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడ్డప్పుడు, జీతం ఆగిపోయిన మజ్దూరు తన హక్కు అడిగితే అది బేసబ్రీ కాదు. హక్కు బాహాటంగా అడగడం తద్బీరే. వాటా అడిగిన చెల్లెలికి సబర్ చెయ్యమని నీతి చెప్పే అన్నకు ఆ మాట ఎత్తే అర్హత లేదు. ముందు వాటా ఇచ్చి తరువాత సబర్ గురించి మాట్లాడాలి.

చివరగా అన్నిటికంటె ముఖ్యమైనది. సబర్ చేస్తే తప్పకుండా మనం కోరినదే దొరుకుతుందని పిల్లలకు చెప్పకండి. అట్లా చెబితే సబర్ కూడా ఇంకొక ఎత్తుగడ అవుతుంది. పని కాకపోతే పిల్లవాడికి సబర్ మీద, అల్లాహ్ మీద కూడా నమ్మకం పోతుంది. అబుల్ హసన్‌కు తఖ్తు దొరికింది, మళ్ళీ పోయింది. దొరకడం ఆయన సబర్‌కు బహుమానం కాదు, పోవడం శిక్ష కాదు. ఇచ్చేవాడి సమయం ఇచ్చేవాడిది, తీసుకునేవాడి సమయం తీసుకునేవాడిది. ఆ ఇద్దరూ ఒక్కడే అని తెలిసినవాడు రెండు రోజులలోనూ కడుపునిండా అన్నం తినగలడు, ఎదుటివాడికి సలాము చెయ్యగలడు. మన పెద్దలు 'దేర్ హై, అంధేర్ నహీ' అనేవారు. ఆలస్యం ఉంటుంది గాని అన్యాయం ఉండదని దాని భావం. ఆ ఆలస్యంలో మన చేతులు ఏం చేస్తున్నాయన్నదే మన పరీక్ష.

ఒకప్పుడు మన ఊళ్ళో చేసిన కత్తులు ఎందరు బాద్షాల చేతుల్లో తిరిగినాయో ఎవరికి తెలుసు? ఆ కత్తులు తుప్పు పట్టిపోయినాయి, ఆ తఖ్తులు కూలిపోయినాయి. మన పిల్లలకు మనం ఇవ్వగలిగింది హలాల్ పైసా, సాఫ్ దిల్, ఎదురుచూడగలిగే గుండె. ఆ మూడూ మన ఇళ్ళల్లో ఉండాలని, మన సొసైటీ సభ్యులందరి కష్టాలు అల్లాహ్ తన మంచి సమయంలో తీర్చాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఆమీన్.